పొలం సెంటు, సీసా సెంటు, క్వింటాలు: ఇందులో ఏది దేనికి చుట్టం?

లంకతోట అడిగారు:

కోనసీమలో పొద్దున లేస్తే వినపడే మాటలే ఇవన్నీ. పొలం సెంట్లలో చెబుతాం, పెళ్లికి వెళ్తూ సెంటు కొట్టుకుంటాం, ధాన్యం క్వింటాళ్లలో తూస్తాం, తేమ శాతంలో చూస్తాం, ఆటో ఎక్కి గడియారస్తంభం సెంటర్లో దింపమంటాం. భూమి సెంటు లాటిన్ మాట అని ఎక్కడో చదివాను. అయితే ఈ సెంటులన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవేనా? లాటిన్లో అది వంద అంటున్నారు, మనకేమో వందో వంతు. ఇది ఎలా తిరగబడింది? క్వింటాలులో 'క్వింట్' అంటే అయిదు కదా, మరి నూరు కిలోలకు ఆ పేరేంటి? సంస్కృతం 'శతం'కీ దీనికీ చుట్టరికం ఉందంటే నమ్మొచ్చా?

ఇంకో పని కూడా ఉంది. యానాం వైపు కొబ్బరితోట ఒకటి బేరానికి వచ్చింది. పాత కాగితంలో విస్తీర్ణం మూడు గడుల్లో 0 – 12 – 50 అని ఉంది. మధ్యవర్తి 'పన్నెండు ఎకరాల యాభై సెంట్లు' అంటున్నాడు. చూడబోతే తోట అరెకరం కూడా ఉండేలా లేదు.

---

గొలుసు_లింకు:

బేరం సంగతి యానాం కాగితాలు తెలిసినవాళ్లు చెబుతారు. అప్పటిదాకా బయానా మాత్రం ఇవ్వకండి. నేను సెంటు వరకు చెబుతాను.

సెంటు అంటే ఎకరంలో నూరో వంతు. 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు, 40.47 చదరపు మీటర్లు. ఈ అంకెలు వినడానికి వంకరగా ఉంటాయి గానీ, ఆ కొలత పుట్టింది అడుగుల్లోనో గజాల్లోనో కాదు, గొలుసులో. 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషాయన 66 అడుగుల గొలుసుకు నూరు లింకులు పెట్టాడు. లింకు 7.92 అంగుళాలు. పది చదరపు గొలుసులు కలిస్తే ఎకరం, అంటే లక్ష చదరపు లింకులు. దాన్ని నూరుతో భాగిస్తే సెంటుకు సరిగ్గా వెయ్యి చదరపు లింకులు. అదీ దాని అసలు ముఖం. (క్రికెట్ పిచ్ 22 గజాలు ఎందుకో ఇప్పుడు తెలిసిందా? అది ఒక గొలుసు పొడవు.)

మద్రాసు ప్రెసిడెన్సీలో రెవెన్యూ సర్వే ఈ గొలుసుతోనే జరిగింది. అప్పట్లో గోదావరి జిల్లా మద్రాసు కిందే ఉండేది కాబట్టి మన పాత ఎఫ్ఎంబీల్లో (సర్వే నంబరు వారీగా పొలం కొలతల పటాలుండే పుస్తకాల్లో) కొలతలు లింకుల్లో కనిపిస్తాయి. లెక్క చాలా తేలిక. పొడవు 200 లింకులు, వెడల్పు 150 లింకులు అయితే గుణిస్తే 30,000. మూడు సున్నాలు కొట్టేస్తే 30 సెంట్లు. త్రికోణం ముక్కయితే కింది గీత 240 లింకులు, దాని మీద నిలువు 75 లింకులు అనుకోండి: 240 ఇంటూ 75 బై 2, అంటే 9,000, అంటే 9 సెంట్లు. వంకర చేనును ఇలా త్రికోణాలుగా విడగొట్టి కూడతారు. సర్వేయరు క్రాస్‌స్టాఫ్ (లంబకోణం చూసుకునే కర్ర) పట్టుకుని చేసేది ఆ నిలువు ఎక్కడ పడుతుందో వెతకడమే.

తేడా వచ్చేది ఇక్కడ. గొలుసు వాడగా వాడగా కడియాలు సాగి పొడుగవుతుంది. నూటికి ఒక లింకు సాగితే పొడవులో తప్పు ఒక శాతమే, కానీ వైశాల్యంలో రెండు. నిజంగా ఎకరం ఉన్న చేను 98 సెంట్లే చూపిస్తుంది. లింకు వంగితే దీనికి ఎదురు, లేని భూమి ఉన్నట్టు కనబడుతుంది. పాత కొలతకూ కొత్త కొలతకూ ఎకరానికి సెంటూ రెండు సెంట్లూ తేడా రాగానే పక్కవాడు గట్టు జరిపాడని కేకలు వేయకుండా, ముందు ఏ గొలుసుతో కొలిచారో చూడాలి.

ఇళ్ల స్థలాల్లో ఇంకో రకం. 36 ఇంటూ 60 అడుగుల స్థలాన్ని అందరూ 'అయిదు సెంట్లు' అనేస్తారు. అది 2,160 చదరపు అడుగులు. అయిదు సెంట్లంటే 2,178, గజాల్లో 242. రెండు గజాలే కదా అని వదిలేస్తే వదిలేయండి గానీ, దస్తావేజులో మాత్రం 240 గజాలనే రాయించండి.

ఇక 'సెంటు' అన్న మాట దక్షిణాదిదే. తమిళులకూ మలయాళీలకూ ఇదే కొలత, ఇదే పేరు. తెలంగాణలో గుంట: ఎకరంలో నలభయ్యో వంతు, 121 గజాలు, రెండున్నర సెంట్లు. ఒడిశా వెళ్తే ఇదే సెంటును డెసిమల్ అంటారు. బంగ్లాదేశ్‌లో శతక్ లేక శతాంశ. భూమి అదే, గొలుసు అదే, పేర్లు మాత్రం లాటిన్ వంద, లాటిన్ పది, సంస్కృత నూరు.

---

పదమూలం:

లంకతోట గారూ, మీ ప్రశ్నలో రెండు కుటుంబాలు కలిసిపోయాయి. మూడోది కూడా ఉంది, సెంటరు. విడదీసి చెబుతాను.

పొలం సెంటు లాటిన్ 'కెంతుమ్' నుంచి వచ్చింది. అర్థం వంద. ప్రాచీన లాటిన్లో ఆ అక్షరాన్ని కకారంగానే పలికేవారు. తర్వాత ఇ, ఎ ముందు మెత్తబడి ఇటాలియన్లో చెంతో, స్పానిష్‌లో సియెంతో, ఫ్రెంచిలో ఒట్టి 'సాఁ' అయింది. పోర్చుగీసులో సెంతు. చివరి 'ఉ' చూసి మన సెంటు పోర్చుగీసు నుంచి దిగిందని కొందరు వాదిస్తారు. కాదు. హల్లుతో ఆగిపోయే ఇంగ్లీషు మాటకు తెలుగు నోరు ఉకారం తగిలిస్తుంది: బ్యాంకు, ట్యాంకు, బస్సు. ఇదీ అంతే. పోర్చుగీసు నుంచి నిజంగా వచ్చినవి వేరే ఉన్నాయి. మేస్త్రీ అలాంటిదే, 'మెస్త్రె' నుంచి. దానికి మూలం లాటిన్ 'మగిస్తెర్'. ఇంగ్లీషు దారిన వచ్చిన మన మాస్టారు కూడా ఆ మగిస్తెరే. బడి దగ్గర మాస్టారు, గోడ దగ్గర మేస్త్రీ, ఇద్దరూ ఒక్క మాటే.

వంద ఎలా వందో వంతయిందంటే, దానికి మధ్యలో 'సెంతేసిముస్' అన్న మాట ఉంది. లాటిన్లో నూరోది, నూరో భాగం అని. ఫ్రాన్సులో 1795లో మెట్రిక్ పద్ధతి పెట్టినప్పుడు ఒక కట్టుబాటు చేసుకున్నారు: పెంచేటప్పుడు గ్రీకు ముక్క, తుంచేటప్పుడు లాటిన్ ముక్క. అందుకే కిలో అంటే వెయ్యి రెట్లు, మిల్లీ అంటే వెయ్యో వంతు. రెండింటి అర్థం వెయ్యే, ఒకటి గ్రీకు, ఒకటి లాటిన్. అలాగే హెక్టో అంటే నూరు రెట్లు, సెంటీ అంటే నూరో వంతు. అమెరికా వాళ్లు 1792 నాణేల చట్టంలో డాలరులో నూరో వంతుకు సెంటు అని పేరు పెట్టుకున్నారు. అదీ ఇదే కోవ. మన రూపాయికి నూరు పైసలయింది 1957 ఏప్రిల్ 1న. దానికి మాత్రం మనం లాటిన్ పేరు తెచ్చుకోలేదు.

కాబట్టి ఈ వేరు మాటలు కనబడితే ముందు చూడాల్సింది అది నూరా, నూరో వంతా అని. సెంచరీ నూరు. సెంటీమీటరు నూరో వంతు. పర్సెంటు 'నూటికి'. జెర్రికి ఇంగ్లీషులో ఉన్న సెంటిపీడ్ అన్న పేరూ సంస్కృతంలో శతపది అన్న పేరూ ఒకే భావం, నూరు కాళ్లది అని. నిజానికి ఏ జెర్రికీ సరిగ్గా నూరు కాళ్లుండవు. దాని కాళ్ల జతలు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి, యాభై జతలు కుదరవు.

శతంతో చుట్టరికం నమ్మొచ్చు, అనుమానం అక్కర్లేదు. అయితే శతం నుంచి కెంతుమ్ రాలేదు, కెంతుమ్ నుంచి శతమూ రాలేదు. రెండూ ఒక తల్లి పిల్లలు. ఆ తల్లి ఈ భాషలన్నిటికీ మూలమైన ఇండో-యూరోపియన్ భాష; అందులో ఈ మాట మొదట్లో నాలుక మధ్యభాగం అంగిలి వైపు లేచి పుట్టే మెత్తని క ఉండేది. కొన్ని భాషల్లో అది క గానే నిలిచింది, కొన్నిట్లో శ, స అయింది. లాటిన్ కెంతుమ్, వేల్స్ భాషలో కాంట్ ఒక వైపు. సంస్కృతం శతమ్, అవెస్తా సతమ్, పారశీకం సద్, రష్యన్ స్తో, లిథువేనియన్ షిమ్తస్ రెండో వైపు. ఈ ఒక్క మాటను పట్టుకునే భాషాశాస్త్రవేత్తలు ఆ భాషలకు కెంటుమ్ వర్గం, సతెమ్ వర్గం అని పేర్లు పెట్టారు. ఇంగ్లీషులో హండ్రెడ్ మొదటి ముక్క కూడా ఇదే. జర్మానిక్ భాషల్లో ఆ క, హ అయింది. మధ్యలో ఉన్న అనుస్వారం లాంటి మకారం లాటిన్లో ఎమ్/ఎన్‌గా మిగిలింది, సంస్కృతంలో ఒట్టి అకారమైపోయింది. కెంతుమ్‌లో ఉన్న నకారం శతంలో ఎందుకు లేదంటే అందుకు.

మన నూరు ఈ గొడవలో లేదు. తమిళం, మలయాళం, కన్నడంతో కలిసి అది ద్రావిడ మాట.

ఒక తమాషా చెప్పి ఈ సంగతి ఆపుతాను. రుమేనియన్ లాటిన్ బిడ్డ. పదీ వెయ్యీ లాటిన్ నుంచే తెచ్చుకుంది, వందకు మాత్రం 'సుత' అంటుంది. అది స్లావిక్ ఇరుగుపొరుగు దగ్గర తీసుకున్నది. అంటే కెంటుమ్ ఇంటి పిల్ల సతెమ్ ఇంటి మాట వాడుతోంది.

ఇక సీసా సెంటు. దీనికీ వందకూ సంబంధం లేదు. మూలం లాటిన్ 'సెంతీరె', అంటే ఇంద్రియంతో తెలుసుకోవడం, అనుభవించడం. ఏ ఇంద్రియం అన్నది ఒక్కో భాష ఒక్కోలా తేల్చుకుంది. ఫ్రెంచిలో 'సాంతీర్' అనుభూతి చెందడమూ, వాసన రావడమూ. ఇటాలియన్లో 'నోన్ సెంతో' అంటే నాకు వినపడటంలేదు అని; ఫోను సరిగా అందనప్పుడు అనే మాట. స్పానిష్‌లో 'లో సియెంతో' అంటే క్షమించండి, మాటకు మాటగా 'అది నాకు తెలుస్తోంది, బాధగా ఉంది' అని. ఇంగ్లీషు ఆ క్రియను ఫ్రెంచి నుంచి తీసుకుని మొదట వేటకుక్కలకు వాడింది, జంతువు జాడను వాసనతో పసిగట్టడానికి. తర్వాత వాసనకే పేరయింది, ఆ తర్వాత సీసాలో వాసనకు. ఇంగ్లీషు స్పెల్లింగులో 'స' తర్వాత పలకని 'సి' ఒకటి ఉంటుంది కదా, అది మొదట్లో లేదు. 17వ శతాబ్దంలో చేరింది, ఏ అవసరమూ లేకుండా.

సెన్సారు, సెన్సెక్స్ లాంటివి చూసి అన్నీ సెంతీరె కింద వేసేయకండి. యంత్రంలో ఉండే సెన్సర్ సెంతీరె సంతానమే. సినిమాకు కత్తెర వేసే సెన్సారు మాత్రం 'సెన్సేరె', లెక్కగట్టడం, విలువ కట్టడం. జనాభా లెక్కల సెన్సస్ దాని తోబుట్టువు. సెన్సెక్స్ అయితే సెన్సిటివ్, ఇండెక్స్ అన్న రెండు మాటలు అతికించి చేసింది, కాబట్టి దాని మొదటి సగం సెంతీరెదే.

సెంతీరె పిల్లల్లో తెలుగువాళ్లు సొంతం చేసుకున్నది సెంటిమెంటు. ఇంగ్లీషులో అది భావోద్వేగం. మనకు అది కాక ఇంకో అర్థం ఉంది. 'మంగళవారం రిజిస్ట్రేషన్ వద్దండి, సెంటిమెంటు' అంటాం. అక్కడ ఉన్నది భావోద్వేగం కాదు, కలిసి రాదన్న నమ్మకం. ఈ అర్థంతో ఇంగ్లీషువాడికి చెబితే బోధపడదు.

మూడోది సెంటరు. ఇది వందా కాదు, వాసనా కాదు. గ్రీకు 'కెంత్రొన్', అంటే ముల్లుకర్ర మొన. వృత్తలేఖిని ముల్లు గుచ్చిన చోటు వృత్తానికి మధ్య. గ్రీకు నుంచి లాటిన్‌కు వెళ్లి 'కెంత్రుమ్' అయి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. అదే గ్రీకు మాట జ్యోతిషంతో పాటు మన దేశానికి వచ్చి సంస్కృతంలో 'కేంద్ర' అయింది. జాతకంలో కేంద్రస్థానాలు అనేది దాన్నే. కాబట్టి గడియారస్తంభం సెంటరూ, రైతు సేవా కేంద్రమూ ఒకే పదం, రెండు దారుల్లో వచ్చింది.

---

లంకతోట:

పదమూలం గారూ, ధన్యవాదాలండీ. కేంద్రం గ్రీకు మాట అన్నది కొత్త సంగతి. సెంటూ సెంటూ ఒకేలా పలకడం మన తెలుగులోనే వచ్చిన చిక్కా, లేక వాళ్లకూ ఉందా? క్వింటాలు మిగిలిపోయింది, కాగితం కూడా.

---

యానాం_గట్టు:

చిక్కు వాళ్లకూ ఉందండీ, ఇంకా ఎక్కువ ఉంది. ఫ్రెంచిలో వంద 'సాఁ', వాసన వస్తోంది అన్నా 'సాఁ', రక్తం 'సాఁ', లేకుండా అన్నదీ 'సాఁ'. రాతలో నాలుగూ వేరు, నోట్లో ఒకటే. సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి, మనం సెంటును తెలుసుకున్నట్టే.

కాగితం సంగతి. యానాం 1954 నవంబరు 1న ఫ్రెంచివాళ్ల చేతి నుంచి మన దేశం చేతికి వచ్చింది, చట్టప్రకారం విలీనం 1962 ఆగస్టు 16న. భూమి లెక్క మాత్రం పుదుచ్చేరి పద్ధతిలోనే, ఫ్రెంచివాళ్లు వదిలిపెట్టి వెళ్లిన కొలతలోనే నడుస్తుంది. మూడు గడులూ వరుసగా హెక్టారు, ఆర్, సెంటియార్. హెక్టారు పదివేల చదరపు మీటర్లు, ఆర్ నూరు, సెంటియార్ ఒక్కటి. ఆర్‌లో నూరో వంతు కాబట్టి సెంటి. మీ 0 – 12 – 50 అంటే 1,250 చదరపు మీటర్లు. 40.47తో భాగిస్తే 30.9 సెంట్లు. మీ కంటికి అరెకరం కూడా లేదనిపించింది కదా, సరిగ్గానే అనిపించింది.

మధ్యవర్తి లెక్క ఎక్కడ పోయిందో చూడండి. ఆర్‌కు గుర్తు 'ఎ' అన్న ఒక్క అక్షరం. దాన్ని ఎకరం అనుకున్నాడు. సెంటియార్ గుర్తు 'సి.ఎ.'. దాన్ని సెంటు అనుకున్నాడు. ఒక ఆర్ అంటే 2.47 సెంట్లు మాత్రమే. ఒక సెంటియార్ అంటే సెంటులో నలభయ్యో వంతు, గజం కంటే కాస్త ఎక్కువ. 50 సెంటియార్లు అరవై గజాల లోపే. తెలిసి చెప్పినా తెలియక చెప్పినా, పన్నెండున్నర ఎకరాలకూ ముప్పై ఒక్క సెంట్లకూ మధ్య తేడా నలభై రెట్లు. ధర సెంటుకు ఇంత అని మాట్లాడుకోండి, ఒప్పంద పత్రంలో చదరపు మీటర్లు రాయించండి, ఆ పక్కన సెంట్లు. మీటరుకు రెండు అర్థాలు లేవు.

ఇంకో మాట. హెక్టారులో 'హెక్ట్' గ్రీకు వంద, 'హెకతోన్'. అందులో 'హె' అంటే ఒకటి, 'కతోన్' కెంతుమ్‌కూ శతానికీ తోబుట్టువే. 'ఆర్' లాటిన్ 'ఆరెయ' నుంచి, ఖాళీ జాగా అని. ఏరియా అన్నా అదే.

---

కాటా:

క్వింటాలు నా వంతు.

'క్వింట్' చూసి అయిదనుకోవడం సహజం, కానీ ఆ పోలిక ఒట్టిది. ఇదీ కెంతుమ్ సంతతే, కాకపోతే చుట్టూ తిరిగి వచ్చింది. లాటిన్లో 'సెంతెనారియుమ్' అంటే నూరు పౌనుల బరువు. అది గ్రీకులోకి కెంతెనారియోన్‌గా వెళ్లింది, అక్కడి నుంచి సిరియా ప్రాంతపు భాషల మీదుగా అరబీలో కింతార్ అయింది. అరబ్బు వర్తకులతో మధ్యధరా రేవుల్లో తిరిగి మళ్లీ యూరపు చేరేసరికి క్వింతాలె. ఇల్లు వదిలి వెళ్లిన మాట గుర్తుపట్టలేనంతగా మారి సొంతూరికే వచ్చింది. రేవు రేవుకూ మాటతో పాటు బరువూ మారిపోయింది: పాత స్పెయిన్ క్వింటాలు 46 కిలోలు, ఈజిప్టు కాంతార్ 45 కిలోల దరిదాపు. మెట్రిక్ వచ్చాక నూరు కిలోలకు కట్టేశారు, మనం ఆ కట్టినదాన్నే తెచ్చుకున్నాం.

జర్మన్లు అదే లాటిన్ మాటను తిన్నగా తీసుకుని 'త్సెంట్నర్' అన్నారు. అది 50 కిలోలే, ఎందుకంటే వాళ్ల పౌను అరకిలో, నూరు పౌనులు యాభై కిలోలు. పొరుగున ఆస్ట్రియాలో అదే మాటకు నూరు కిలోలు. ఇంగ్లీషువాళ్ల హండ్రెడ్‌వెయిట్ ఇంకా వింత: పేరు నూరు, తూకం 112 పౌనులు, అంటే 50.8 కిలోలు. పాత మిల్లు చిట్టాల్లోనో ఎగుమతి బిల్లుల్లోనో 'సీడబ్ల్యూటీ' అని కనిపిస్తే అది ఇదే. ఆ మొదటి 'సి' కెంతుమ్‌కు పొట్టిరూపం. దాన్ని క్వింటాలు అని చదివితే లెక్క రెట్టింపవుతుంది. ఇరవై సీడబ్ల్యూటీలు ఒక పాత టన్ను, 2,240 పౌనులు.

ఇప్పుడు మన కళ్లంలోకి రండి. డెల్టాలో రైతు నోట దిగుబడి బస్తాల్లో ఉంటుంది, బస్తా అంటే 75 కిలోలు. సర్కారు ధర క్వింటాలుకు. 2025–26 ఖరీఫ్‌లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. బస్తాకు కావాలంటే ముప్పావు కట్టండి: 1,776 రూపాయల 75 పైసలు. వ్యవసాయ శాఖ కాగితాల్లో దిగుబడి హెక్టారుకు ఇన్ని టన్నులు అని ఉంటుంది. ఎకరానికి 30 బస్తాలంటే 2,250 కిలోలు, ఇరవై రెండున్నర క్వింటాళ్లు. 2.471తో గుణిస్తే హెక్టారుకు 55.6 క్వింటాళ్లు, అయిదున్నర టన్నుల పైచిలుకు. పేపర్లో హెక్టారు లెక్క చదివి, మన ఎకరం బస్తాలతో పోల్చి దిగాలు పడేవాళ్లు చాలామంది. ముందు రెండున్నరతో భాగించుకోండి.

తేమ శాతం దగ్గర కూడా జాగ్రత్త. కొనుగోలు పరిమితి 17 శాతం. ఇది 'నూటికి పదిహేడు' కదా, దేని నూటికి? తడి ధాన్యం బరువులో నూటికి, ఆరిన బరువులో కాదు. 22 శాతం తేమ ఉన్న క్వింటాలులో అసలు గింజ 78 కిలోలు. దాన్ని 17 శాతానికి ఆరబెడితే మిగిలేది 78 బై 0.83, అంటే 94 కిలోలు. 22లో నుంచి 17 తీసేసి 'అయిదు కిలోలే తగ్గాలి, ఆరో కిలో ఎక్కడికి పోయింది' అని కాటా దగ్గర తగువుపడతారు. ఆ ఆరో కిలో ఎవరూ తినలేదు, శాతం అలా పనిచేస్తుంది.

---

గొలుసు_లింకు:

కాటా గారు శాతం ఎత్తారు కాబట్టి వడ్డీ సంగతీ అనేస్తాను. ఊళ్లో 'రెండు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. బ్యాంకు 12 శాతం అంటే ఏడాదికి. పక్కపక్కన పెట్టినప్పుడు 2 చిన్నదిగా, 12 పెద్దదిగా కనబడి మోసపోతారు.

---

పదమూలం:

రోమనులదీ మన ఊరి లెక్కే, గొలుసు_లింకు గారూ. వాళ్లు వడ్డీని 'సెంతేసిమా' అనేవారు, నూరో వంతు అని, అది నెలకు. అంటే నూటికి రూపాయి వడ్డీ, ఏడాదికి 12. క్రీస్తు పూర్వం 51లో రోమన్ రాజకీయ నాయకుడు సిసిరో సిలీసియాకు (ఇప్పటి టర్కీ దక్షిణ తీరానికి) గవర్నరుగా వెళ్లినప్పుడు అంతకు మించి వసూలు చేయకూడదని హద్దు పెట్టాడు. శాతం గుర్తు కూడా ఆ దేశంలో పుట్టిందే: ఇటలీ వర్తకులు చిట్టాల్లో 'పెర్ చెంతో' అని రాయలేక కుదించి కుదించి, చివరికి ఒక గీత, అటూ ఇటూ రెండు సున్నాలు మిగిల్చారు.

భూమిలోనూ వాళ్లకు ఈ మాట ఉంది. 'సెంతూరియ' అంటే ఒక పక్క 2,400 రోమన్ అడుగుల చదరం, మన లెక్కలో సుమారు 125 ఎకరాలు. కొత్తగా గెలిచిన నేలను సైనికులకు పంచడానికి ఇలా గళ్లు గీసేవారు. ఉత్తర ఇటలీలో పో నది మైదానం ఉపగ్రహ చిత్రంలో చూస్తే ఆ గళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి, గట్లూ కాలవలూ వాటి వెంటే నడుస్తాయి. అదే సెంతూరియ సైన్యంలో నూరుమంది దళం. పేరుకే నూరు, ఉండేది ఎక్కువగా ఎనభై మంది. దాని నాయకుణ్ణి తెలుగు బైబిల్లో శతాధిపతి అన్నారు. చక్కని మాట, మూలంలో ఉన్న వందను వదిలిపెట్టలేదు.

---

లంకతోట:

మధ్యవర్తికి సెంటియార్ లెక్క చూపించానండీ. 'ఆయ్, అలాగా' అన్నాడు. ఇంకొక్కటి అడిగి ఆపేస్తాను. మా నాన్నగారి పాత పంపకాల కాగితంలో ఒకచోట 'ఎ. 2.5' అనీ, ఇంకోచోట 'ఎ. 2-5' అనీ ఉంది. రెండూ ఒకటేనా?

---

గొలుసు_లింకు:

కాకపోవచ్చు, తగాదాలు ఎక్కువ పుట్టేది కూడా ఇక్కడే. 'ఎ. 2-5' అని గీతతో ఉంటే గోదావరి వైపు రెండెకరాల అయిదు సెంట్లు అని చదువుతారు. 'ఎ. 2.5' చుక్కయితే దశాంశం కింద రెండెకరాల యాభై. కానీ రాసినవాడు చుక్కకూ గీతకూ తేడా పాటించాడన్న నమ్మకం లేదు. రెండింటికీ మధ్య 45 సెంట్లు, దాదాపు అరెకరం. తెలంగాణ కాగితమైతే ఇంకో మెలిక: అక్కడ 2-20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, మన లెక్కలో 2.50. ఇక్కడ 2-20 అంటే 2.20.

తేల్చుకునే పద్ధతి చెబుతాను. కాగితంలో సర్వే నంబరు మొత్తం విస్తీర్ణం ఉంటుంది. వాటాలన్నీ ఒకసారి 2.05 పెట్టి, ఒకసారి 2.50 పెట్టి కూడండి. మొత్తానికి ఏది సరిపోతే అదే. కుదరకపోతే అడంగల్‌లో (ఊరి భూమి, సాగు లెక్కల పుస్తకంలో) ఆ సబ్‌డివిజన్ విస్తీర్ణం చూడండి, అక్కడా తేలకపోతే ఎఫ్ఎంబీ తీసి లింకుల్లో కట్టండి. హద్దులు నాలుగూ రాసి ఉంటే విస్తీర్ణం కంటే వాటికే బలం ఎక్కువ. కాబట్టి హద్దుల వరుస ముందు చదవండి. 'తూర్పు: పంటకాలవ' లాంటి కదలని హద్దు ఒక్కటి దొరికితే సగం పని అయినట్టే.

పెద్దవాళ్లు 'కుంచాల్లో' చెబితే ఇంకో ప్రశ్న అడగండి, ఎన్ని సెంట్ల కుంచం అని. కుంచం మొదట ధాన్యం కొలత, ఆ గింజలు చల్లే మడికి పేరయింది. పది సెంట్లని చాలాచోట్ల లెక్క, అయినా ఊరి పేరు లేకుండా అది రాతలో పెట్టకండి.

కొత్తగా రాయించేటప్పుడు మాత్రం అంకెల్లో రెండు స్థానాలు తప్పకుండా నింపండి: 2-05 గానీ 2-50 గానీ. దాని కింద అక్షరాల్లో 'రెండు ఎకరముల అయిదు సెంట్లు' అని. ఆ పక్కన చదరపు మీటర్లు: 2.05 అయితే 8,296, 2.50 అయితే 10,117.